వెల కన్నా ముందు అడగాల్సింది

తాతల నాటి పెట్టెలో దొరికిన వెండి రూపాయిని ఫోన్‌తో ఫొటో తీసి, ముక్కూమొహం తెలియని మనిషికి పంపి ‘ఎంత పలుకుతుంది?’ అని అడగడం ఇప్పుడు మామూలైంది. అడగడంలో తప్పు లేదు. పాత నాణేలు చదవగలిగినవాళ్లు ఊరికొకరు ఉండరు. నా అభ్యంతరమల్లా ఆ ప్రశ్నతోనే. అదేం నాణెమో దూరం నుంచి చెప్పించుకోవచ్చు, దాని వెల మాత్రం చెప్పించుకోకూడదు. తూకమెంత, ఎక్కడ దొరికింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని అడక్కుండా ఫొటో చూడగానే అంకె చెప్పేవారి మాట చెవిన పెట్టకపోవడమే క్షేమం.

ఫొటో చెప్పగలిగింది తక్కువేమీ కాదు. విక్టోరియా రాణి బొమ్మతో 1862లో మొదలైన రూపాయిని పదేళ్లకు పైగా అదే సంవత్సరం వేసి ముద్రించారు. బొంబాయి టంకశాలలో తయారైనవాటిలో ఏది ఏ ఏటిదో బొరుసు మీది చిన్న చుక్కలు లెక్కపెట్టి గుర్తుపడతారు. మన చార్మినార్ రూపాయిలోనూ అంతే: వాకిలి మధ్య ‘మీమ్’ అక్షరం ఉంటే నిజాం మహబూబ్ అలీఖాన్ కాలానిది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది. ఇలాంటివి మంచి వెలుతురులో తీసిన ఫొటోలో స్పష్టంగా కనిపిస్తాయి. వీధి చివరి కంసాలి కన్నా ఎక్కడో ఉన్న నాణేల పండితుడే వీటిని బాగా చదువుతాడు.

అసలైనదా, నకిలీయా అన్న దగ్గరే చిక్కు. 1835 తర్వాతి బ్రిటిష్ రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. 1940లో తగ్గించేదాకా అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. జర్మన్ సిల్వర్‌తో పోత పోసిన నకిలీని అదే సైజులో, అదే మందంలో చేస్తే వెండి కన్నా తేలికవుతుంది. ఆ తేడా కాటా మీద తెలుస్తుంది గానీ తెర మీద తెలియదు. కొన్నిసార్లు కాటా కూడా చాలదు. అరుదైన 1939 రూపాయికి గిరాకీ ఉంది కాబట్టి 1938 రూపాయి చివరి అంకెను చెక్కి 9 చేసినవి తిరుగుతుంటాయి. వాటి బరువు, వెండి అన్నీ సరిగ్గానే ఉంటాయి; చేతిలోకి తీసుకుని భూతద్దంలో ఆ ఒక్క అంకెను చూడాల్సిందే. ఇక ఫొటో బాగా రావాలని చింతపండుతో తోమేవారికి ఒక విన్నపం: దయచేసి తోమకండి. వందేళ్లుగా పట్టిన పొర పోయి సన్నటి గీతలు పడితే సేకర్తలు ఆ నాణేన్ని పక్కన పెట్టేస్తారు. ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

తూకం కన్నా ముఖ్యమైన ప్రశ్న ‘ఎక్కడ దొరికింది?’ అన్నది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేలనే తీసుకుందాం. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ వాటిని సేకరించి పురావస్తు శాస్త్రవేత్త పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తెచ్చారు. గోభద, సామగోప వంటి రాజుల పేర్లు, శాతవాహన వంశానికి మూలపురుషుడైన శ్రీముఖుని నాణేలు అలా లోకానికి తెలిశాయి. తెలంగాణలో తొలి శాతవాహనుల ఉనికి గురించి చరిత్రకారులు గట్టిగా మాట్లాడగలగడానికి, అవి ఫలానా ఊళ్లో దొరికాయన్న నిజమే ఆధారం. ఊరి పేరు తెలియని చోట అవే నాణేలు అరిగిపోయిన లోహపు ముక్కలు. ఆన్‌లైన్‌లో విలువ కట్టేవారు దాదాపుగా అడగని ప్రశ్న ఇదే, పోతే మళ్లీ తెచ్చుకోలేని సమాచారమూ ఇదే.

వేలంపాటల్లో పలికిన ధరలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి, పోల్చుకుంటే సరిపోదా అని అడగవచ్చు. వేలంలో నిజంగా అమ్ముడైన ధర పనికొచ్చే ఆధారమే. అయితే అరుగుదల తెలియకుండా పోలిక కుదరదు. ఒకే ఏడాది, ఒకే టంకశాల రూపాయలు రెండింటి మధ్య ధర ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. పైగా జనం చూసేది ఎక్కువగా అమ్మేవారు అడిగే ధర. 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ అయిదు, పది రూపాయల బిళ్లలకు లక్షలిస్తామన్న ప్రకటనలు ఈ అడిగే ధరల నీడలోనే పెరిగాయి. తన పేరు, ముద్ర వాడుకుని పాత నోట్లు, నాణేల మీద కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కొనేవాడు అమ్మేవాడికి డబ్బివ్వాలి గానీ ముందుగా ఫీజు అడగడమేమిటి?

దొరికిన చోటు చెబితే సర్కారు పట్టుకుపోతుందన్న భయం ఇంకా బలమైన అభ్యంతరం. ఆ భయం ఊరికే పుట్టలేదు. భూమిలో పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి నిధి చట్టం చెబుతోంది. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే లోహం విలువకు అందులో అయిదో వంతు కలిపి ఇస్తే చాలునంటుంది. నాణెం విలువంతా లోహంలోనే ఉందనుకున్న కాలపు లెక్క అది. నాగలికి తగిలిన సీసపు నాణేలకు ఆ లెక్కన రైతుకు ముట్టేదెంత? అందుకే అతను కలెక్టర్ ఆఫీసుకు వెళ్లడు, ఫోన్ తీస్తాడు. అవతలివాడు ఊరి పేరు అడగడు, ఇతనూ చెప్పడు. చరిత్రకు ఉపయోగపడే నాణేన్ని అప్పగించినవారికి దాని నిజమైన విలువ చెల్లించేలా ఆ సెక్షన్‌ను మార్చాలి. జిల్లాకొక పురావస్తు అధికారి వాట్సాప్ నంబరు ఇచ్చి ఫొటో, తూకం, ఊరి పేరు తీసుకుని ఉచితంగా గుర్తించి చెప్పే ఏర్పాటుకు మాత్రం చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. అమెరికాలోని కొడుకు ‘ఇక్కడికి పంపండి, చూపిస్తాను’ అన్నప్పుడు, నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువని, దాన్ని దేశం దాటించడం నేరమని చెప్పాల్సింది కూడా ఆ అధికారే.