సంచి తెచ్చాకే గోలీ

మందుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడేవాడికి పనులు రెండు. చిట్టీ చూసి గోలీలు తీసివ్వడం ఒకటి, అడగడం రెండోది. మొదటిదానికి గల్లా నిండుతుంది, రెండోదానికి గిరాకీ విసుక్కుంటుంది. ఇన్నేళ్లు ఈ పని చేశాక నాకు అర్థమైంది, చదువుకున్నది రెండోదాని కోసమేనని.

మా కట్టంగూర్‌లో అడగాల్సిన అవసరం ఇంకాస్త ఎక్కువ. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద, నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ నడుమ ఉన్న ఊరు. బస్సెక్కితే ఎటైనా పోవచ్చు. అందుకే ఒక్కో మనిషికి ముగ్గురు నలుగురు డాక్టర్లు. బీపీ, షుగర్ గోలీలు సర్కారు దవాఖానవి. గుండె చూపించుకున్నది హైదరాబాద్‌లో, కీళ్లు నల్లగొండలో. జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ ఊళ్లో ఆర్‌ఎంపీ ఉండనే ఉన్నాడు. ఎవరి చిట్టీ వాళ్లు సరిగ్గానే రాసి ఉండొచ్చు. కానీ ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. ఆ మందులన్నీ కలిసేది రోగి ఒంట్లోనే. అందుకే "చిట్టీ చూపించు" అనేదానికంటే "ఇంట్ల ఉన్న గోలీలన్నీ సంచిల ఏసుకొని రా పెద్దమ్మా" అనే మాటే నా నోట ఎక్కువ వస్తుంది.

సంచి బల్ల మీద కుమ్మరిస్తే ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో బయటపడుతుంది. రెండూ వేసుకుంటుంటారు. పేరున్న కొస కత్తిరించేసిన షీట్లుంటాయి. కాగితం పొట్లంలో పేరూ ఊరూ లేని గోలీలుంటాయి. "గది ఏసుకుంటే ఆ పూటకే లేసి తిరుగుత" అన్నారంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానిస్తాను. అది షుగర్‌నూ బీపీనీ పెంచుతుంది. చాన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే.

తర్వాత ఏ గోలీ ముందొచ్చింది, ఏది వెనకొచ్చింది అని అడుగుతాను. బీపీకి ఆమ్లోడిపిన్ వాడే కొందరికి చీలమండలు వాస్తాయి. ఆ వాపు మందు వల్ల వచ్చిందని పట్టుకోకపోతే, మూత్రం ఎక్కువగా పోయే గోలీ చేరుతుంది. అది కొందరిలో యూరిక్ యాసిడ్‌ను పెంచి కాలి బొటనవేలిని వాచేలా చేస్తుంది. దానికి నొప్పుల గోలీ. నొప్పుల గోలీతో బీపీ పెరుగుతుంది. బీపీకి మళ్లీ ఇంకోటి! మొదటి మందు మోతాదు తగ్గించినా, మందు మార్చినా తీరిపోయే బాధ అది. బీపీ గోలీ ఎనాలాప్రిల్ తెచ్చిన పొడిదగ్గుకు దగ్గు మందు తాగడమూ ఇలాంటిదే. పౌలా రోషాన్, జెర్రీ గుర్విట్జ్ అనే వైద్యులు 1997లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ గొలుసు గురించి హెచ్చరించారు.

మా జిల్లాలో నాకు ఎక్కువ భయం నొప్పుల గోలీతోనే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినంత మాత్రాన ఎముకల్లో పేరుకున్నది అంత తొందరగా పోదు. దానికి తోడు నాట్లు, పత్తి ఏరుడు. "నాలుగు నొప్పుల గోలీలియ్యి బిడ్డా" అని అడిగే అవ్వ నొప్పి నిజమైనదే. కానీ ఆమె సంచిలో బీపీకి వాడే టెల్మిసార్టాన్, మూత్రం గోలీ కూడా ఉన్నాయనుకోండి. చాలాసార్లు ఆ రెండూ ఒకే గోలీలో ఉంటాయి, పేరు చివర 'హెచ్' అని ఉండేది అందుకే. కిడ్నీ వడపోతకు రక్తం ఒత్తిడితో రావాలి. లోపలికొచ్చే సన్న నాళం తెరిచి ఉండకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల గోలీలు అడ్డుపడతాయి. బయటికి పోయే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది. మూత్రం గోలీ ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోత పడిపోవచ్చు. మే నెల ఎండలో చెమట పోసినా, విరేచనాలు పట్టుకున్నా ముప్పు ఇంకా ఎక్కువ. ఇక మా ఫ్లోరైడ్ బాధితులకు ఇంకో చిక్కుంది. ఫ్లోరైడ్‌ను ప్రధానంగా బయటికి పంపేది కిడ్నీయే. దాని నొప్పికి మింగే గోలీ ఆ కిడ్నీకే చేటు తేవచ్చు.

అలాంటప్పుడు నేను పారాసిటమాల్ ఇస్తాను, చాలా జలుబు గోలీల్లోనూ అదే ఉంటుంది, రెండూ కలిపి వేసుకోవద్దని చెప్పి మరీ. తగ్గకపోతే సంచితో సహా డాక్టరు దగ్గరికి పొమ్మంటాను.

సంచిలో కనిపించనివీ అడగాలి. "మాపటికి కల్లు తాగుతవా తాతా?" అనడానికి మొదట్లో మొహమాటపడేవాణ్ని. ఇప్పుడు అడుగుతాను. కల్తీ కల్లులో మత్తు తెచ్చే అల్ప్రాజోలం కలుపుతున్న సంగతి ఎక్సైజ్ దాడుల్లో మళ్లీ మళ్లీ బయటపడుతూనే ఉంది. దాని మీద మత్తు తెచ్చే జలుబు గోలీ వేసుకుంటే, రాత్రి మూత్రానికి లేచినప్పుడు తూలిపడి తుంటి విరగ్గొట్టుకోవచ్చు.

ఇదంతా చదివి బీపీ గోలీ మీకై మీరు ఆపేయకండి. ఆపడమో మార్చడమో డాక్టరే చెప్పాలి. కొత్త బాధ మొదలైతే మాత్రం, కొత్త గోలీ అడిగే ముందు పాతవాటిలో దేనివల్లనైనా వచ్చిందేమో అడగండి. మందు పడలేదనిపిస్తే 2010లో మొదలైన భారత ఔషధ భద్రతా కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో ఉచితంగా చెప్పొచ్చు. డాక్టర్లే కాదు, రోగులూ చెప్పొచ్చు.

మందు ఎలా వాడాలో రోగికి వివరించడం ఫార్మసిస్టు పనేనని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్లు చెబుతున్నాయి. కానీ నేను ఇవ్వనన్న గోలీ పక్క దుకాణంలో అడిగిందే తడవుగా దొరికితే, నా ప్రశ్న అవ్వకు తిప్పలు పెట్టడం తప్ప ఇంకేమీ చేయదు. ఊళ్లో ఏ కౌంటరుకు పోయినా అదే ప్రశ్న ఎదురైన నాడే ఆమె కిడ్నీకి ఆసరా దొరికినట్టు.