ఉత్తరం అడుగున ఒక్క వాక్యం

1990ల చివర్లో, అమెరికా వెళ్లిన కొడుకు దగ్గర్నుంచి మెయిల్ వచ్చిందేమోనని నెట్ సెంటర్‌కి వెళ్లిన తల్లిదండ్రుల్లో చాలామంది ఆ వాక్యం చూసే ఉంటారు. ఉత్తరం అయిపోయాక అడ్డంగా ఒక గీత. దాని కింద "గెట్ యువర్ ప్రైవేట్, ఫ్రీ ఈమెయిల్ ఎట్" అని, పక్కన హాట్‌మెయిల్ చిరునామా. అంతే. ఇంటర్నెట్‌లో మనిషిని ఒప్పించే పని ఇంత పొదుపుగా చేసిన వాక్యం ఇంకొకటి నేను చూడలేదు.

సబీర్ భాటియా, జాక్ స్మిత్ 1996 జులై 4న హాట్‌మెయిల్ మొదలుపెట్టారు. పెట్టుబడి పెట్టిన టిమ్ డ్రేపర్ ప్రతి ఉత్తరం చివరా ఒక మాట వేద్దామన్నారు. ఒకరి ఉత్తరంలో మన ప్రకటన దూర్చడమేమిటని వాళ్లిద్దరూ వెనకాడారు. ఆ జంకే వాక్యాన్ని మర్యాదగా నిలబెట్టిందని నాకనిపిస్తుంది. "తా.క. ఐ లవ్ యూ" అని కూడా ఉండాలన్నది డ్రేపర్ ముచ్చట. అది తీసేశారు, మంచి పని చేశారు. ఆ ఉత్తరం ప్రియురాలికి వెళ్తోందో, పైఅధికారికి వెళ్తోందో కంపెనీకేం తెలుసు?

నచ్చినవాళ్ల మాట వింటామని, మనలాంటివాళ్లు చేసేదే చేస్తామని మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీని 1984లో తన 'ఇన్‌ఫ్లుయెన్స్' పుస్తకంలో వివరించారు. ఇక్కడ ఆ రెండిటికీ ఒక్క మాటా ఖర్చు కాలేదు. మీ స్నేహితుడు మా మెయిలే వాడుతున్నాడని చెప్పక్కర్లేదు, పైన అతని సంతకమే ఉంది. మా మెయిల్ భద్రంగా చేరుతుందని నమ్మబలకక్కర్లేదు, చేరింది కాబట్టే చదువుతున్నారు.

నన్ను మరీ కట్టిపడేసేది 'ప్రైవేట్' అన్న మాట. అప్పట్లో చాలామందికి మెయిల్ అంటే ఆఫీసు ఇచ్చిందే. భాటియా, స్మిత్‌లదీ అదే ఇబ్బంది. కొత్త కంపెనీ ఆలోచనల గురించి ఆఫీసు మెయిల్లో రాసుకుంటే యాజమాన్యం కంటపడుతుందన్న బెంగలోంచే వెబ్ మెయిల్ ఊహ పుట్టింది. తమకు లేక అల్లాడినదాన్నే ఒక్క విశేషణంగా మార్చి అందరికీ ఇచ్చారు.

"ఇంకా రెండే గదులు మిగిలాయి" అని ఇప్పుడు హోటల్ బుక్ చేస్తుంటే స్క్రీన్ మీద ఎర్రక్షరాలు మనల్ని తరుముతుంటాయి. ఈ వాక్యం ఎవర్నీ తరమలేదు, గీత దాటి ఉత్తరంలోకి రాలేదు. ఏడాదిన్నరలో చేరినవాళ్లు కోటి దాటారు. ఈలోగా 1997 చివర్లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఎవరికో ఒకరికి మొదటి ఉత్తరం రాస్తారు కదా, దాని కిందా అదే గీత, అదే వాక్యం.