పద్దెనిమిది వారాల కంటే ముందు

మారథాన్ శిక్షణ ప్రణాళికను పోటీ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి వేస్తారు. కొత్తవారి ప్రణాళికలు ఎక్కువగా 16 నుంచి 20 వారాలవి. హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు రెండో సగంలో జరుగుతుంది. అక్కడి నుంచి 18 వారాలు వెనక్కి వస్తే ఏప్రిల్ నెలాఖరు, అంటే దాదాపు ఈ వారమే. చీకటి విడవకముందే చిక్కడపల్లి, నారాయణగూడ వీధుల్లోంచి ఇందిరా పార్కు వైపు కొత్త బూట్లు కదలడం ఈ వారం సంతోషపెట్టిన దృశ్యం.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఈ దూరమే 1921లో ప్రామాణికమైంది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్ అనే ఇంధనం చాలామందికి 30 కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది. ప్రణాళిక అంతా ఆ తర్వాతి 12 కిలోమీటర్ల కోసమే. వారానికి నాలుగు రోజులు పరుగు ఉంటుంది. అందులో ఆదివారం లాంగ్ రన్ 12 కిలోమీటర్ల దగ్గర మొదలై, మెల్లగా పెరుగుతూ 30, 32 దగ్గర ఆగుతుంది. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించాలి. చివరి రెండు మూడు వారాలు దూరం బాగా తగ్గించి కాళ్ల అలసట తీర్చాలి. శరీరం గట్టిపడేది పరుగులో కాదు, పరుగు తర్వాతి విశ్రాంతిలో. నిద్ర కూడా శిక్షణేనని చెప్పేది అందుకే.

ఏప్రిల్, మే నెలల్లో నగరంలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి పరుగు ఉదయం 5 గంటలకు మొదలై 7 లోపు ముగియాలి. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. అంతవరకు గడియారం చూపే వేగాన్ని లెక్కచేయకూడదు. ఎండలో ఒళ్లు జలదరించినా, తల తిరిగినా ఆ రోజుకు పరుగు ఆపేయాలి.

వేగం మాట వస్తే అశోక్‌నగర్‌ను తలచుకోక తప్పదు. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల అభ్యర్థుల పేట అది. హాస్టల్ గది గోడ మీద టైమ్ టేబుల్, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా చదువు. పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారికి పరుగు కూడా పరీక్షే. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలన్నారు. పురుషుల లెక్క కిలోమీటరుకు దాదాపు నాలుగున్నర నిమిషాలు. అదే వేగం 42 కిలోమీటర్లూ నిలిస్తే మారథాన్ 3 గంటల 11 నిమిషాల్లో అయిపోతుంది. కొత్తవారిలో అది అందుకోగలిగేవారు అరుదు. 1600 మీటర్లకు ఊపిరి బిగబట్టి సాధించిన వేగాన్ని లాంగ్ రన్‌లోకి తెస్తే పదో కిలోమీటరుకే కాళ్లు మొరాయిస్తాయి. మారథాన్ శిక్షణలో ఎక్కువ భాగం, పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగా సాగాలి.

అశోక్‌నగర్ నేర్పేది ఇంకొకటి ఉంది. అక్కడ ఎవరూ రివిజన్ టైమ్ టేబుల్‌తో చదువు మొదలుపెట్టరు. ముందు ఆరో తరగతి నుంచి పాఠ్యపుస్తకాలు, తర్వాత తెలుగు అకాడమీ పుస్తకాలు, ఆ తర్వాతే మాక్ టెస్టులు. మారథాన్ ప్రణాళికలోనూ ఇలాంటి వరుసే దాగి ఉంది. మొదటి వారంలోనే ఆదివారం 12 కిలోమీటర్లు రాసి ఉందంటే, చేతపట్టినవారు అప్పటికే వారానికి 20, 25 కిలోమీటర్లు హాయిగా పరిగెత్తుతున్నారని దాని నమ్మకం. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకలు, స్నాయువులు గట్టిపడడానికి నెలలు కావాలి. దమ్ము సరిపోయినా మోకాలి కింద ఎముక నొప్పి పెట్టేది ఈ తేడా వల్లే.

కాబట్టి ఇంతవరకు పరిగెత్తనివారు ఈ వారం 18 వారాల ప్రణాళిక మొదలుపెట్టకూడదు. నెక్లెస్ రోడ్ పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు ఎక్కిదిగే ఫుల్ మారథాన్ వచ్చే ఏడాది మాట. వీరికి ఈ వారం తగినది ఇందిరా పార్కులో అరగంట: మూడు నిమిషాలు నడక, రెండు నిమిషాలు పరుగు, వారానికి మూడు రోజులు. నడక నెమ్మదిగా తగ్గుతూ, పరుగు పెరుగుతూ పోతే ఆగస్టులో 10 కిలోమీటర్ల పోటీ అందుతుంది. అక్కడి నుంచి వారానికి 25 కిలోమీటర్ల అలవాటు నిలబెట్టుకుంటే, వచ్చే ఏప్రిల్‌లో 18 వారాల కాగితం గోడకు అంటించవచ్చు.