టౌన్‌హాలు: తలుపు ఎవరికి, వేదిక ఎవరికి?

మద్రాసు సెంట్రల్ స్టేషన్ దగ్గర, రిపన్ బిల్డింగ్ పక్కన ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలుని ఇవాళ వారసత్వ కట్టడమంటున్నారు. చెన్నై కార్పొరేషన్ దానికి మరమ్మతులు కూడా చేయించింది. మంచిదే. కట్టడాన్ని కాపాడుకోవాల్సిందే. అయితే కాపాడేది ఇటుకల్నేనా, ఆ గోడల మధ్య జరిగిన వాదాన్ని కూడానా అన్నది తేల్చుకోవాలి.

ఎర్ర ఇటుక, వరస కమానుల వరండాలు, తిరువాన్కూరు పద్ధతి కప్పు పెట్టిన బురుజు. నమూనా గీసింది రాబర్ట్ చిషోం, కట్టించింది నంబెరుమాళ్ చెట్టి. 1883లో పునాదిరాయి వేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. ఈ పేర్లన్నీ చరిత్రలో ఉన్నాయి. సున్నం నూరినోళ్ళ పేర్లు, ఇటుకలు మోసినోళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? రాజులు, జమీందార్లు, వ్యాపారులు చందాలేసుకుని కట్టుకున్న హాలుకి 'పబ్లిక్' అని పేరు. ఆ పబ్లిక్ అంటే ఎవరు?

తెలుగు నాటక చరిత్రకారులు ఈ హాలుని గర్వంగా తలచుకుంటారు. బళ్ళారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదినీ సభ 1891లో మద్రాసులో తెలుగు నాటకాలాడింది. అది చూసే పమ్మల్ సంబంధ మొదలియారు సుగుణ విలాస సభ పెట్టాడు. చదువుకున్న పెద్దమనుషులు, వకీళ్ళు వేషం కడితే అది కళ అయింది. ఊరి బయట, ఆరుబయట తరతరాలుగా ఆడుతున్న చిందు మాదిగల భాగవతం మాత్రం 'జానపదం' అయింది. నాలుగు గోడలు, ఒక తెర, ఒక టికెట్టు నాటకానికి కొలతలైపోయాయి. హాలు చేసిన పని ఇది.

ఆ మరుసటేడు, 1892లో, మద్రాసు మహాజన సభ ఇదే హాల్లో కూడింది. నీలగిరి నుంచి అయోతిదాస్ పండితర్ ప్రతినిధిగా వచ్చాడు. మావాళ్ళని గుళ్ళలోకి ఎందుకు రానివ్వరని అడిగాడు. మీ దేవుళ్ళు మీకున్నారు, శివుడూ విష్ణువూ మీకు కాదని తంజావూరు శాస్త్రి ఒకాయన జవాబు చెప్పాడు. అయితే ఆ దేవుళ్ళు మాకొద్దు, మా పిల్లలకి నాలుగో తరగతి దాకా ఉచిత చదువు ఇప్పించండి, బంజరు భూములు ఇప్పించండి అన్నాడు పండితర్.

గమనించాలి. హాలు గుమ్మం ఆయన్ని ఆపలేదు. లోపలికి రానిచ్చారు, కూచోనిచ్చారు. అడిగేసరికి అడ్డం తిరిగారు. అంటరానితనం గుమ్మం దగ్గర ఆగిపోదు, సభామర్యాద వేసుకుని వేదికెక్కుతుంది.

1916లో బ్రాహ్మణేతరుల పార్టీకి అంకురం పడింది కూడా ఈ హాల్లోనే అంటారు. అదే జస్టిస్ పార్టీ. 1921 బిన్నీ మిల్లు సమ్మెలో ఆ పార్టీ పెద్దలు ఆదిద్రావిడుల మీద విరుచుకుపడ్డారు. 1923లో ఎం.సి. రాజా ఆ పార్టీని వదిలి బయటికొచ్చాడు. వేదిక చేతులు మారింది, దాని ఎత్తు తగ్గలేదు.

నాటకశాల, సభాస్థలి, 1890ల చివర్లో మద్రాసుకి తొలి సినిమా చూపించిన చోటు, తర్వాత ఏళ్ళ తరబడి మూతపడ్డ పాత భవనం. ఈ మార్పులన్నీ రాసి, 1892 నాటి ఆ రెండు కోర్కెలు రాయకపోతే అది సగం చరిత్రే. ఆ గోడ మీద చదువు, భూమి అనే మాటలుండాలి. అడిగినోడి పేరూ ఉండాలి. ఎందుకంటే ఆ భూమి ఇంకా అడుగుతూనే ఉన్నాం.