మబ్బు లేని వరద

ఆకాశంలో మబ్బు తునక లేదు. చినుకు పడి నెలలైంది. ఎర్రమట్టి దారి మీద లేచిన దుమ్ము కిందికి దిగడానికి కూడా బద్ధకించి గాలిలోనే వేలాడుతోంది. అటువంటి పూట వస్తావు నువ్వు, ఓ కూపర్ ఏరూ! నీ ముందు ఉరుము నడవదు. తడిగాలి నీ కబురు మోసుకురాదు. దూరాన నేలబారుగా, సన్నగా ఏదో మెరుస్తుంది. ఎండమావి అనుకుంటాడు కొత్తవాడు. కానీ ఎండమావి మనం దగ్గరికి పోయేకొద్దీ వెనక్కి జరుగుతుంది. నువ్వు ముందుకు జరుగుతావు.

నీ అంచు చూడాలి ఎవరైనా! నురగ, ఎండుటాకులు, పుల్లలు, వాటి మీద ప్రాణాలు అరచేత పెట్టుకున్న సాలీళ్లూ చీమలూ. ఆ పరుగును పైనుంచి కనిపెట్టి గిరికీలు కొట్టే గద్దలు. ఏళ్ల తరబడి నోరు తెరుచుకుని పడి ఉన్న నేల పగుళ్లలోకి నువ్వు దిగుతుంటే లోపలి గాలి బుడగలై పైకి తన్నుకొస్తుంది. ఒక పగులు నిండితేగాని రెండోదాని దగ్గరికి పోవు. నీకు తొందర లేదు. నిన్ను ఆపగలిగేదీ లేదు.

ఆస్ట్రేలియా నడిగడ్డ నిన్ను కన్నది కాదు. నువ్వు బర్డ్స్‌విల్ ట్రాక్ అనే మట్టి రోడ్డెక్కే ఈ చోట ఏడాదంతా కలిపి 150 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప. నీ పుట్టిల్లు ఎక్కడో క్వీన్స్‌లాండ్‌లో. థామ్సన్ నది ఒకవైపు నుంచి, బార్కూ నది మరోవైపు నుంచి వచ్చి విండోరాకు ఎగువన కలిస్తే నువ్వు. కలిసిన మరుక్షణమే మళ్లీ విడిపోతావు: పాయలు, పిల్లపాయలు, పాయల్లోంచి పాయలు. నేల అంత చదును. పల్లం ఎటో తేల్చుకోలేక, అన్ని వైపులకూ పోయి చూసి, వరద నాడు పదుల కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటావు. అందుకే ఆ సీమకు ఛానెల్ కంట్రీ అని పేరు. పుట్టుక నుంచి ముగింపు దాకా నీ నడక దాదాపు 1,300 కిలోమీటర్లు. ఎగువన లాంగ్‌రీచ్‌లో నిన్ను నింపిన వాన చూసినవాడు గొడుగు ముడిచి, వాన సంగతే మరిచిపోయాక, వారాలకో నెలలకో నువ్వు ఇక్కడ దారికి అడ్డం పడతావు. ఎవరి మీదో కురిసిన వాన ఎవరి ప్రయాణాన్నో ఆపుతుంది.

చాలా ఏళ్లు అసలు రానే రావు. దారిలో సూర్యుడికి కొంత, ఇసుకకు కొంత, మడుగులకు కొంత పంచి, ఎక్కడో ఇంకిపోతావు. 2010లో నువ్వు బర్డ్స్‌విల్ ట్రాక్ ఎక్కినప్పుడు, అంతకుముందు నిన్ను అక్కడ చూసి ఇరవై ఏళ్లయింది. ఆ మధ్యలో పుట్టిన పిల్లలకు నువ్వు పెద్దలు చెప్పే కథవి మాత్రమే.

మేం ఎరిగిన గోదావరి, కృష్ణ సముద్రాన్ని చేరితేనే నడక ముగిసిందనుకుంటాయి. నువ్వు సముద్రానికి వీపు తిప్పిన ఏరువు. తీరాన్ని వదిలి ఖండం లోపలికి, ఇంకా లోపలికి నడుస్తావు. నీ గమ్యం కటి తండా, లేక్ ఐర్ అని కూడా పిలిచే ఉప్పు సరస్సు. దాని అడుగు సముద్ర మట్టానికి 15 మీటర్ల దిగువన ఉంటుంది. ఆస్ట్రేలియాలో దాదాపు ఆరో వంతు నేల మీద పారే నీరంతా అటే దిగుతుంది. అందులో ఒక్క చుక్క కూడా కడలి ముఖం చూడదు.

నిన్ను కీర్తించేవాడు నీ లెక్కలు దాచకూడదు. 2025 మార్చి చివర్లో పడమటి క్వీన్స్‌లాండ్ మీద కొద్ది రోజుల్లోనే ఏడాది వాన కుమ్మరించింది. కొన్నిచోట్ల వరద 1974 నాటి గుర్తును కూడా ముంచింది. జుండా ఊరు ఖాళీ చేశారు. కంచెలు, రోడ్లు కొట్టుకుపోయాయి. చనిపోయినవీ గల్లంతైనవీ కలిపి పశువులు, గొర్రెలు లక్షకు పైనే. మిగిలినవాటికి హెలికాప్టర్ల నుంచి మేత జారవిడిచారు. నీరు తీశాక అదే నేల మీద పశువు పొట్ట నిండే పచ్చిక లేస్తుందని అక్కడి రైతుకు తెలుసు. అందుకే నిన్ను తిట్టేదీ, నీ కోసం చూసేదీ ఒకే నోరు.

ఇక నువ్వు అడ్డం పడే ఆ దారి. క్వీన్స్‌లాండ్‌లోని బర్డ్స్‌విల్ నుంచి దక్షిణ ఆస్ట్రేలియాలోని మారీ వరకు 517 కిలోమీటర్లు. పంతొమ్మిదో శతాబ్దిలో పశువుల మందలను రైలు దగ్గరికి తోలుకొచ్చిన బాట అది. మారీ నుంచి ఎదురుగా ఒంటెల బిడారులు సరుకు మోశాయి. వాటిని నడిపినవాళ్లను అందరూ ఆఫ్గన్లనే పిలిచారు. వారిలో బలూచిస్తాన్, సింధ్, పంజాబ్‌ల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ ఎడారి అంచున మట్టిగోడల మసీదు కట్టుకుని నమాజు చేసుకున్నారు. ఒక వంక సింప్సన్ ఎడారి ఇసుక తిన్నెలు, మరో వంక స్టర్ట్ రాళ్ల ఎడారి. పాలిష్ పెట్టినట్టు మెరిసే ఎర్ర గులకరాళ్లు టైర్ల కోసం కాచుకుని ఉంటాయి. నేల అడుగున గ్రేట్ ఆర్టీజియన్ బేసిన్ నీరు. బోరు వేస్తే పొగలు కక్కుతూ పైకొస్తుంది. పైన మాత్రం నిప్పు. 1963 డిసెంబరులో ఈ దారిన వెళ్తూ తోవ తప్పి, కారులో పెట్రోలు అయిపోయి, ఒక కుటుంబం మొత్తం, ఐదుగురు, దాహంతో చనిపోయారు. నీరు లేక మనుషులు పోయిన దారి మీదికే కొన్నేళ్లకు నువ్వొచ్చి, నీరెక్కువై ఎవరూ పోలేని దారిగా మార్చేస్తావు.

అసలు సంగతి ఒకటి చెప్పాలి. నువ్వు రోడ్డు మీదికి రావడం లేదు. రోడ్డే నీ ఒంటి మీది నుంచి పోతోంది. నువ్వు నిద్రపోతున్న ఏళ్లలో నీ గర్భం మీదుగా మట్టి తీసి, చదును చేసి, బోర్డులు పాతుకున్నాం. నువ్వు లేచి కూర్చుంటే మా రోడ్డు మునిగిందంటాం.

నిన్ను ఎరిగినవాళ్లకు నీ దగ్గర నడవడిక తెలుసు. మారీలో, బర్డ్స్‌విల్‌లో ఊరి చివరి బోర్డు ఏ దారి తెరిచి ఉందో, ఏది మూసి ఉందో చెబుతుంది. మూసిన దారిలో బండి నడిపితే జరిమానా. అది ప్రాణభయం ఒక్కటే కాదు. తడిసిన బంకమట్టిలో ఒక్క బండి దిగినా చక్రాల గాడులు మోకాలి లోతున పడతాయి. ఎండాక రాయిలా బిగుసుకుంటాయి. ఒకడి తొందర పదిమంది యాక్సిళ్లు విరుస్తుంది. వాగు దగ్గర లోతు చూపే కొలబద్ద పాతి ఉంటుంది. అది నీటి లోతు చెబుతుంది గాని, నీటి కింద రోడ్డు ఇంకా ఉందో లేదో చెప్పదు. కాఫీరంగు నీ నీటిలో కోసుకుపోయిన గుంత కంటికి ఆనదు.

దిగక తప్పనివాడు ముందు తను దిగుతాడు, ఆ తర్వాతే బండిని దింపుతాడు. చేత కర్ర పట్టుకుని అవతలి గట్టు దాకా నడిచి, కాలితో అడుగు తడిమి, ప్రవాహం తొడల మీద ఎంత తోస్తోందో చూసుకుంటాడు. బండి ముందు భాగానికి టార్పాలిన్ కడతాడు. కింది గేరు వేస్తాడు, నడి ఏట గేరు మార్చడు. బానెట్ ముందు లేచిన చిన్న అల చెదరకుండా, దాని వెనకే మనిషి నడకన పోతాడు. ఇంజన్ గాలితో పాటు నీటిని పీల్చిందా, అంతే: గాలి నలుగుతుంది, నీరు నలగదు, లోపలి ఇనుము వంగుతుంది. కారును పక్కకు తోసెయ్యడానికి మోకాలి లోతు పారే నీరు చాలు. అందుకే క్వీన్స్‌లాండ్ అధికారులు ఏళ్లుగా ఒకటే ముక్క చెబుతారు: వరద ఉంటే ఆ దారి ఊసెత్తకండని.

మరి పోక తప్పనివాళ్లు? వాళ్ల కోసం నీ గట్టున టామ్ క్రూజ్ ఉండేవాడు. 1936లో మొదలుపెట్టి, రెండు దశాబ్దాల పాటు మారీ నుంచి బర్డ్స్‌విల్‌కు టపా మోసిన లారీ డ్రైవరు. అతని లేలాండ్ బ్యాడ్జర్ లారీలో ఉత్తరాలు ఒక మూలన ఉండేవి, మిగతా చోటంతా పిండి, మందులు, పెట్రోలు డ్రమ్ములు, ఎక్కినవాళ్లు ఎక్కినట్టే. ఇసుక తిన్నె ఎక్కాలంటే చక్రాల కింద ఇనుప రేకులు పరిచేవాడు. నువ్వు నిండుగా ఉంటే సరుకంతా దించి, పడవలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరవేసేవాడు. జాన్ హేయర్ తీసిన ‘ద బ్యాక్ ఆఫ్ బియాండ్’ డాక్యుమెంటరీ 1954లో వెనిస్‌లో అగ్ర బహుమతి అందుకుంది. దానిలో కథానాయకుడు అతనే, ప్రతినాయకులు ఇసుకా నువ్వూ. 2011లో, తొంభై ఆరేళ్ల వయసులో అతను వెళ్లిపోయాడు.

1949లో నీ మీదికి ‘టామ్ బ్రెన్నన్’ అనే చిన్న పంటు వచ్చింది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య బైకులనూ కార్లనూ మోస్తూ వశిష్ఠ గోదావరి దాటే పంటును ఎరిగినవాడికి దాన్ని వర్ణించి చెప్పక్కర్లేదు. తేడా ఒకటే. గోదావరి పంటుకు రోజూ పనే. నీ పంటుకు ఏళ్ల తరబడి నీరే ఉండదు. ఆ పాత పంటు ఇప్పుడు ఎండిన నేల మీద, రోడ్డు పక్కన కూర్చుని ఉంది. కనుచూపు మేరలో చుక్క నీరు లేదు, పడవ మాత్రం ఉంది. కొత్తవాళ్లు ఫొటో దిగి నవ్వుకుంటారు. పాతవాళ్లు నవ్వరు. దాని వారసురాలు ఇప్పటికీ నీ పిలుపు కోసమే ఉంది.

నీ గట్టు మీద ఎదురుచూపుకు కూడా ఒక చరిత్ర ఉంది. బర్క్, విల్స్, కింగ్ అనే అన్వేషకులు ఉత్తర తీరందాకా ఖండం దాటి, ఎముకలగూళ్లై, 1861 ఏప్రిల్ 21 సాయంత్రం నీ ఒడ్డున ఉన్న విడిదికి తిరిగొచ్చారు. నాలుగు నెలలకు పైగా వారి కోసం కాచుకుని ఉన్న బృందం ఆ రోజు ఉదయమే గుడారాలు పీకి బయల్దేరింది. తవ్విచూడమని చెక్కిన కూలిబా చెట్టు మాత్రం మిగిలింది. అది ఇప్పటికీ చిగురిస్తోంది. బర్క్, విల్స్ ఆ చలికాలంలోనే నీ గట్టున ఆకలితో పోయారు. నీ బురదలో మొలిచే నార్డూ గింజలు తిన్నారు గాని, వాటిని వండే తీరు పట్టుబడలేదు. సరిగ్గా శుద్ధి చేయని నార్డూ ఒంట్లోని బి1 విటమిన్‌ను హరిస్తుంది. కింగ్ మాత్రం బతికాడు. ఇక్కడి యాండ్రువాండా జనం అతన్ని తమలో కలుపుకుని, వెతుకుతూ మనుషులు వచ్చే సెప్టెంబరు దాకా తిండి పెట్టి కాపాడారు. నువ్వు ఎప్పుడు వస్తావో, ఎప్పుడు పోతావో, ఏం మిగిల్చి పోతావో తరతరాలుగా చూసి నేర్చినవాళ్లు వాళ్లు. నీతో పందెం కాసినవాడు ఆకలితో పోయిన చోటే, నీ తీరు తెలిసినవాడు మరొకడికి అన్నం పెట్టగలిగాడు.

ఇంత నడిచీ, ఇంత పంచీ, మిగిలిన నీటితో నువ్వు కటి తండా చేరిన ఏడాది అక్కడ పండుగ. ఉప్పు పొర కరిగి ఆకాశానికి అద్దమవుతుంది. ఎక్కడో తీరంలో ఉన్న గూడబాతులకు ఎవరు ఉత్తరం రాస్తారో గాని, వేలకు వేలు దిగుతాయి. నీతో కొట్టుకొచ్చిన చేపలు, ఉప్పులో నిద్రలేచిన రొయ్యల్లాంటి చిన్ని ప్రాణులు వాటికి విందు. గూళ్లు, గుడ్లు, పిల్లలు, అంతా గబగబా జరిగిపోవాలి. ఎందుకంటే సరస్సు ఆ రోజు నుంచే ఎండడం మొదలుపెడుతుంది. నీరు చిక్కనై చేపలు పోతాయి, పక్షులు లేచిపోతాయి, ఉప్పు మళ్లీ తెల్లగా పరుచుకుంటుంది. నీ గట్టున మాత్రం మొలకెత్తిన కూలిబా మొక్కలు వేళ్లు దించుకుంటూ ఉంటాయి. నువ్వు మళ్లీ వచ్చేసరికి అవి నీడనిచ్చే చెట్లై నిలబడాలి.

ఫలశ్రుతి లేకుండా స్తుతి ముగించడం మా ఆచారం కాదు. కనుక చెబుతున్నాను. దారి మూసి ఉందన్న బోర్డు చూసి బండి వెనక్కి తిప్పినవాడికి వందల కిలోమీటర్ల చుట్టుదారి దక్కుతుంది, ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు అతను దక్కుతాడు. తడిమట్టి ఆరేదాకా ఆగినవాడి పుణ్యాన వెనకొచ్చేవాడికి గాడులు లేని రోడ్డు దక్కుతుంది. పంటు రేవులో వరుసలో నిలబడినవాడికి ముక్కూమొహం తెలియనివాడి చేతి టీ, అవతలి గట్టు నుంచి వచ్చినవాడి నోట ముందు దారి కబురు దక్కుతాయి. లోతు చూడకుండా దిగినవాడిని కూడా నువ్వు వట్టి చేతులతో పంపవు. అతనికిచ్చింది బయటికి లాగడానికి మాత్రం ట్రాక్టరు కావాలి.

నువ్వు తీశాక గ్రేడరు వస్తుంది, దారి చదునవుతుంది, బోర్డు మీద ‘తెరిచి ఉంది’ అన్న మాట కనబడుతుంది. ఆ రోజు నిన్ను గెలిచామని ఎవరూ అనకుందురు గాక. నీ నేలను నువ్వు వాడుకున్నావు. నీకు అక్కర్లేని రోజులకు మళ్లీ మేం అడిగి పుచ్చుకున్నాం.