లాగేది ఇంజనే, ఆపేది మాత్రం టైరు

హైదరాబాద్ నుంచి బొంబాయి రోడ్డు మీద వస్తుంటే సదాశివపేట దగ్గర ఎంఆర్‌ఎఫ్ టైర్ల కర్మాగారం కనిపిస్తుంది. అక్కణ్నుంచి గంటలోపే మా జహీరాబాద్, ఇక్కడ మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం. 1980లలో ఆల్విన్ నిస్సాన్ లైట్ ట్రక్కులతో మొదలైన బండ్ల తయారీ మా ఊళ్లో ఇప్పుడు ఇంతదాకా వచ్చింది. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మహీంద్రా వాళ్లు లోకానికి చూపించిన ‘ఓజా’ ట్రాక్టర్లు ఇక్కడ తయారయ్యేవే. 20 నుంచి 40 హార్స్‌పవర్ మధ్య చిన్న బండ్లే గానీ, అన్నిటికీ ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటుంది. ఒకచోట టైరు, ఒకచోట ఫోర్ వీల్ బండి పుట్టే ఈ 65వ నంబరు జాతీయ రహదారి పక్కన పెరిగినవాణ్ని. ఈ రెండిట్లో ఏది ఏ పని చేస్తుందో ఒకసారి వివరంగా రాయాలని చాలాకాలంగా ఉంది. ఎందుకంటే బండి కొనేటప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా అని అందరూ అడుగుతున్నారు, టైరు సంగతి ఎవరూ అడగడం లేదు.

ముఖ్యంగా అమెరికా, కెనడాల్లో ఉన్న మన పిల్లలు. ఆగస్టులో చదువుకు వెళ్తారు. నవంబరు, డిసెంబరు వచ్చేసరికి మినియాపోలిస్‌లోనో, చికాగోలోనో, డెట్రాయిట్‌లోనో, టొరంటోలోనో తొలి మంచు పడుతుంది. అప్పటిదాకా మంచును సినిమాల్లో తప్ప చూడనివాళ్లు “ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ తీసుకున్నా నాన్నా, ఇక భయం లేదు” అని ఇంటికి ఫోన్ చేస్తారు. అమ్మానాన్నలు అమ్మయ్య అనుకుంటారు. ఆ మాటలో సగమే నిజం. ఆ బండి మంచులో సులువుగా కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఆపాల్సి వచ్చినప్పుడు మాత్రం పక్క లేన్‌లో పోయే చిన్న కారుకన్నా దాని గొప్ప ఏమీ లేదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉంటాయి కదా. ఇంజన్ బలం రెండు చక్రాలకు పోతోందా, నాలుగిటికి పోతోందా అన్నది బ్రేకు తొక్కిన క్షణంలో లెక్కలోకి రాదు. అప్పుడు మనల్ని కాపాడేది అరచేయంత మేర నేలను తాకి ఉన్న నాలుగు రబ్బరు ముక్కలు, అంతే.

ఈ సంగతి మా రేగడి ఏనాడో నేర్పింది. జహీరాబాద్ చుట్టూ ఒకవైపు ఎర్రనేలలు, ఇంకోవైపు నల్లరేగళ్లు. ఎర్ర చెలకలో వాన వెలిసిన కాసేపటికే బండి నడుస్తుంది. రేగడి అట్లా ఒప్పుకోదు. చెరుకు కోతల కాలంలో అకాల వాన ఒక్కటి పడిందంటే లోడు ట్రాలీని పొలంలోంచి బాటకెక్కించడమే పెద్ద గండం. కొత్తగా స్టీరింగ్ పట్టిన పిల్లగాడు ఎక్స్‌లేటర్ తొక్కుతాడు. ఒక వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతూ గుంత తవ్వుకుంటుంది, రెండోది కదలనే కదలదు. మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగడానికి పెట్టిన డిఫరెన్షియల్ గుణం అది. పట్టు దొరకని చక్రం ఉంటే తిప్పుడంతా దానికే పంపుతుంది. అప్పుడు గట్టు మీది పెద్దమనిషి అరుస్తాడు: “రేస్ ఇయ్యకు తమ్మీ, లోపటికే పోతది! లాక్ తొక్కు, క్లచ్ మెల్లగ ఇడువు.” డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కితే రెండు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి. బండి మూలిగి, కొంచెం ఊగి, బయటికొస్తుంది.

రాకపోతే దిగి టైరు చూడాలి. ట్రాక్టర్ వెనక టైరు మీద ఏటవాలుగా పొడుచుకొచ్చిన లావు రబ్బరు పట్టీలుంటాయి. వాటి మధ్య సందుల్లో రేగడి కూరుకుపోయి, పట్టీలు ఎక్కడున్నాయో కూడా తెలియకుండా టైరంతా నున్నటి డ్రమ్ములా తయారవుతుంది. తడి రేగడిలో చెప్పులేసుకుని నాలుగడుగులు వేస్తే మన్ను పొరలు పొరలుగా అంటుకుని చెప్పు జారుడుబండ అయిపోయినట్టే ఇదీను. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం ఉన్నా అప్పుడు నాలుగూ కలిసి జారుతాయి. అందుకే బురద టైరుకు సందులు వెడల్పుగా ఉండాలి, తిరుగుతూ తిరుగుతూ మన్నును తనంతట తానే విసిరికొట్టాలి.

మంచు దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మంచు టైరు మంచును విదిలించుకోకూడదు, పట్టుకుని ఉంచుకోవాలి. రబ్బరు మీద మంచు జారుతుంది గానీ మంచుకు మంచు బాగా అతుక్కుంటుంది. పిల్లలు మంచు ముద్దలు చేసుకునేది అందుకే. వింటర్ టైరును దగ్గరగా చూస్తే ప్రతి రబ్బరు దిమ్మె మీదా బ్లేడుతో గీసినట్టు సన్నని చీలికలు వంకరటింకరగా ఉంటాయి. వీటిని సైపులంటారు. బండి బరువు పడగానే అవి విచ్చుకుని, అంచులతో నేలను గీరి, మంచును ఇరికించుకుంటాయి. చూడటానికి భీకరంగా, పెద్ద పెద్ద దిమ్మెలతో ఉండే మడ్ టైర్లకు ఈ చీలికలు తక్కువ. గట్టిపడిన మంచు మీద, గాజులాంటి ఐసు మీద అవి తేలిపోతాయి. ఎస్‌యూవీకి మడ్ టైర్లు వేయించి మంచుకు సిద్ధమయ్యామనుకుంటే పొరపాటు. మా రేగడికి మంచి టైరు మిన్నెసోటాకు మంచిది కాదు.

చీలికలకన్నా ముఖ్యమైనది రబ్బరు మెత్తదనం. వాతావరణం 7 డిగ్రీల కిందికి దిగితే మామూలు వేసవి టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డు గరుకులోకి ఇమడదు. 7 డిగ్రీలంటే ఎంతో మా వాళ్లకు చెప్పనక్కర్లేదు. జామపళ్లకు పేరుపడ్డ మా పక్క కోహీర్‌లో కొన్ని శీతాకాలాల్లో తెల్లవారుజాము చలి అంతకన్నా కిందికే పోతుంది. అక్కడ ఎండెక్కగానే అంతా సర్దుకుంటుంది, మంచు దేశంలో నెలల తరబడి ఆ గీత దాటి పైకి రాదు. వింటర్ టైరు రబ్బరును సిలికా ఎక్కువ వేసి మైనస్ డిగ్రీల్లోనూ మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. అంటే రోడ్డు మీద మంచు లేని రోజున కూడా చలి ఉంటే దాని ఉపయోగం ఉంటుంది. అదే టైరును మా ఏప్రిల్ ఎండలో తిప్పితే త్వరగా అరిగిపోతుంది. వసంతం రాగానే విప్పి పక్కన పెట్టాల్సిందే.

ఆగే దూరం లెక్క వేసి చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక పొడి తారురోడ్డు మీద బండి సుమారు 15 మీటర్లలో ఆగుతుంది. తొక్కుడుపడి గట్టిపడిన మంచు మీద అది 40 మీటర్ల దాకా పోతుంది. ఐసు మీద 100 మీటర్లకు చేరినా ఆశ్చర్యం లేదు. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు బండి పోయే దూరం దీనికి అదనం. బండి బరువుగా ఉంటే బాగా ఆగుతుందన్నదీ తప్పే. బరువు పట్టును పెంచినంతే ఊపునూ పెంచుతుంది. లాగడానికి బరువు పనికొస్తుంది గనుక మా రైతులు ట్రాక్టర్ వెనక టైర్లలో నీళ్లు నింపుతారు. మంచు దేశాల రైతులూ నింపుతారు గానీ గడ్డకట్టకుండా అందులో కాల్షియం క్లోరైడ్ కలుపుతారు.

మరి టైరుకే ఇనప మేకులు దిగేస్తే సరిపోదా అని అడగొచ్చు. అలాంటి స్టడ్ టైర్లు ఉన్నాయి, ఐసు మీద నిజంగానే పట్టుకుంటాయి. అవి రోడ్డును తినేస్తాయి కూడా. అంత చలి ఉండే మిన్నెసోటా 1971లోనే తన వాహనాలకు వాటిని నిషేధించింది. మన ఊళ్లలో దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనప కేజ్ వీల్స్‌తో అట్లాగే తారురోడ్డెక్కితే పోలీసులు కేసులు పెట్టేది ఇందుకే. మడిలో దానికి మించిన చక్రం లేదు, రోడ్డు మీద దానికి మించిన శత్రువు లేదు. అందరి డబ్బుతో వేసిన రోడ్డును ఒక్కడి సౌకర్యం కోసం చెరపడం నాకు ఏ దేశంలోనైనా తప్పుగానే కనిపిస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సిన గుర్తు ఒకటుంది. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని మధ్యలో మంచురేకు. ‘ఎం ప్లస్ ఎస్’ అన్న అక్షరాలు మాత్రమే ఉంటే అది పరీక్షకు నిలిచిన టైరని నమ్మకండి, గాళ్ల నమూనాను బట్టి తయారీదారే వేసుకునే ముద్ర అది. కొండ గుర్తు సంపాదించాలంటే మంచు మీద పరీక్ష నెగ్గాలి. అయితే అమెరికాలో ఆ పరీక్ష ప్రధానంగా మంచులో ముందుకు లాగే పట్టును కొలుస్తుంది, ఐసు మీద బ్రేకును కాదు. కాబట్టి ఏడాదంతా వాడేలా చేసిన, ఆ గుర్తున్న ఆల్ సీజన్ టైరూ, అసలైన వింటర్ టైరూ ఒకటే అనుకోవద్దు. ఎప్పుడో ఒకసారి మంచు పడే డల్లాస్‌కు ఆల్ సీజన్ చాలు. మినియాపోలిస్‌కు చాలదు. కెనడాలోని క్యూబెక్‌లో అయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు ఉండాల్సిందేనని చట్టమే ఉంది.

వేస్తే నాలుగూ వేయాలి. డబ్బు మిగులుతుందని ముందు రెండిటికే వేయిస్తే బ్రేకు వేసినప్పుడు వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌కు ఇంకో చిక్కుంది. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే చుట్టుకొలతలు తేడా వచ్చి మధ్యనున్న యంత్రం మీద ఎడతెగని ఒత్తిడి పడుతుంది. ఫోర్ వీల్ ట్రాక్టర్ నడిపేవాళ్లకు ఇది బాగా తెలుసు. ముందు, వెనక టైర్ల సైజుల పొత్తు చెడగొట్టకూడదు, గట్టి రోడ్డెక్కగానే ముందు చక్రాల డ్రైవ్ తీసేయాలి. సెకండ్‌హ్యాండ్ కారు కొనే పిల్లలు టైరు పక్కన ‘డాట్’ అక్షరాల చివరనున్న 4 అంకెలు చదవాలి. 3524 అంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైందని. గాళ్లు లోతుగా ఉన్నా పాతబడిన రబ్బరు గట్టిపడే ఉంటుంది. ఇక గాలి. ప్రతి 5, 6 డిగ్రీల చలికి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. 25 డిగ్రీల వేడిలో 33 కొట్టిన టైరు మైనస్ 20కి దిగేసరికి 25 దగ్గర ఉంటుంది. ఇక్కడ బురదలో గాలి తగ్గించి బయటపడే అలవాటును అక్కడి రోడ్డు మీదికి తీసుకుపోవద్దు.

నడపడం మాటల్లో వచ్చేది కాదు, కాలికి తెలియాలి. డెట్రాయిట్ శివారులో మా అమ్మాయి దగ్గర ఒక శీతాకాలం ఉన్నప్పుడు ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ స్థలానికి తీసుకెళ్లాను. కొంచెం వేగం అందుకుని గట్టిగా బ్రేకు తొక్కమన్నాను. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పెడల్ కింద టకటకమని కొట్టుకోగానే భయపడి “నాన్నా, ఏదో విరుగుతోంది!” అంది. “ఏం విరగదమ్మా, కాలు తియ్యకు, అట్లాగే తొక్కి పట్టు” అన్నాను. బండి జారుతూ జారుతూ చాలా దూరం పోయి ఆగింది. ఇద్దరం దిగి ఆ చారలు చూశాం. ఆ తర్వాత మలుపులు. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు ముట్టకూడదు, జారితే పోవాల్సిన దిక్కు చూస్తూ స్టీరింగ్ అటే తిప్పాలి. వంతెనలు రోడ్డుకన్నా ముందు గడ్డకడతాయి, ఎందుకంటే వాటి కింద కూడా చలిగాలే. క్రూయిజ్ కంట్రోల్ తీసేయాలి. ముందు బండికి 8, 10 సెకన్ల దూరం వదలాలి. పట్టు దొరకకపోతే రేస్ ఇవ్వకూడదు. గట్టు మీది పెద్దమనిషి మాట మిచిగన్‌లోనూ చెల్లుతుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మంచులో బండి కూరుకుపోయి, వెచ్చదనం కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి కూర్చోవాల్సి వస్తే ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. డిక్కీలో చిన్న పార, దుప్పటి, టార్చిలైటు ఉండాలి.

2020లో అటల్ సొరంగం తెరిచాక మనాలీ దాటి లాహౌల్ దాకా సొంత బండ్లలో పోయే మన తెలుగువాళ్లూ పెరిగారు. హైదరాబాద్ ఎండకు వేయించిన టైర్లతో అక్కడి మంచులో దిగవద్దు. స్థానిక డ్రైవర్లు చైన్లు కట్టమంటే కట్టండి, ఆగమంటే ఆగండి.

మీ పిల్లలు ఈ చలికాలం కారు కొన్నామని ఫోన్ చేస్తే రంగు, రేటు, మోడల్ తర్వాత అడగండి. ముందు నాలుగు టైర్ల ఫొటోలు పంపమనండి. కొండ మీద మంచురేకు గుర్తు లేకపోతే ఆ నెల ఇంటికి పంపాలనుకున్న డబ్బుతో టైర్లే వేయించుకోమని చెప్పండి.