వెంట్రుకవాసి జరుపు
బొమ్మను వెంట్రుకవాసి జరపడం, చెయ్యి పక్కకు తీయడం, ఫొటో కొట్టడం. ఇలా ఫొటోలు వరసగా పేర్చి బొమ్మను కదిలించే స్టాప్ మోషన్ యానిమేషన్‌ను కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసేదంతా ఇదే. సెకనుకు 12 ఫొటోల లెక్కన పది సెకన్ల నడకకు 120 సార్లు! ఫోన్‌ను స్టాండుకు బిగించి, ఫోకస్, వెలుతురు లాక్ చేసి, కిటికీ తెరలు మూసేయాలి; లేదంటే మబ్బు కమ్మినప్పుడల్లా దృశ్యం మినుకుమంటుంది. (ఇంట్లో పిల్లలుంటే టేబుల్ కాళ్లకూ కాపలా కావాలి, అది వేరే సంగతి.) ఫోన్‌లోని స్టాప్ మోషన్ యాప్‌లో వెనకటి ఫొటో పలచగా కనబడుతుంటుంది. దాన్ని చూసుకుంటూ ఎంత జరపాలో వేళ్లకే తెలిసిపోవడం ఎంత ముచ్చటైన విద్యో! కదలిక మొదట్లో, చివర్లో జరుపు తక్కువ, మధ్యలో ఎక్కువ. ఆ కిటుకు పట్టుబడిందా, అల్యూమినియం తీగకు అద్దిన క్లే ముద్దకు బరువొస్తుంది, చెయ్యెత్తితే నిజంగానే ఎత్తినట్టుంటుంది. ముఖంలో భావానికీ చిన్న జరుపే చాలు: యానిమేటర్ నిక్ పార్క్ సృష్టించిన గ్రోమిట్ అనే క్లే కుక్కకు నోరే కనబడదు. నుదుటి దగ్గర క్లేను కాస్త నొక్కితే చాలు, దాని విసుగంతా మనకు తెలిసిపోతుంది. కంప్యూటర్ బొమ్మల నునుపు కంటే నాకు క్లే మీద మిగిలిన వేలిముద్రలే ఇష్టం. ఫొటో ఫొటోకూ అవి చోటు మారి, బొమ్మ ఒళ్లు సన్నగా అదురుతుంటుంది. వాటిని చెరిపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.